అల్లుడికి చెప్పని మాట

ఆఖరి కడాయిలో పాకం బుసబుసా పొంగుతోంది. రాజమల్లు పొడుగు గరిటెను అంచుకు ఆనించి, దాని కొసనుంచి ఒక చుక్క తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీశాడు. తీగ సాగింది. అది ఎక్కడ తెగిందో మాత్రం ఆయనకు కనబడలేదు. వయసులో ముప్పాతిక వంతు పొయ్యి సెగకూ పొగకూ ఎదురుగా నిలబడ్డ కళ్లు మరి, ఎన్నాళ్లని ఓర్చుకుంటాయి! ఆయన అడక్కముందే పక్కనున్న పోశయ్య, "తెగిందన్నా, ఇగ దించుడే," అన్నాడు.

రెంజల్ తోవలో ఉన్న ఆ చిన్న ఖండసారి చక్కెర మిల్లుకు రాజమల్లు జమేదారు. కడాయిల దగ్గరా, పొయ్యిల దగ్గరా, పాకం గింజకట్టే తొట్ల దగ్గరా పనిచేసేవాళ్లంతా ఆయన చేతికిందివాళ్లే. మనిషి బక్కపలచన. ముంజేతుల నిండా పాకం చిట్లి కాలిన మచ్చలు. గొంతు పెంచడం చేతకాదు.

ఆ రోజు సీజనుకు ఆఖరి రోజు. ఆ రోజుకొక ఆనవాయితీ ఉంది, పెట్టింది రాజమల్లే. పొయ్యిలు ఆర్పేముందు ఒక్కొక్కరినీ చెరకు పిప్పి కుప్ప వెనక్కి పిలిచి, ఏడాదంతా వాళ్ల పని ఎట్లా ఉందో మొహం మీదే చెప్తాడు. నలుగురిలో చెప్పడు. ముందు మంచి చెప్తాడు, అదీ ఉత్తి మెప్పు కాదు, ఫలానానాడు ఫలానా పని బాగా చేశావని. తర్వాత ఒక్కటంటే ఒక్క తప్పు. చెప్పాక మోదుగాకులో జొన్న పేలాలు పోసి, పైన పాకం చిలకరించి, "ఇగ నా తప్పు చెప్పు," అంటాడు. చెప్పందే తిననివ్వడు. పోచంపాడ్ డ్యామ్ పని మొదలై కూలీలంతా గుంపులు గుంపులుగా అటు పోతున్న కాలంలో కూడా ఈ మిల్లువాళ్లు దసరా దాటగానే తిరిగొచ్చేవాళ్లు. అదంతా తన గొప్పతనమేనని మిల్లు యజమాని సేటు అనుకునేవాడు. అనుకోనీ, మనకేం పోయింది.

ఈసారి మాత్రం రాజమల్లు పొద్దుటినుంచీ బీడీ మీద బీడీ ముట్టిస్తున్నాడు. కళ్లు కనబడక, వచ్చే సీజనుకు రానని సేటుకు చెప్పేశాడు. "నీ జాగల ఎవరిని పెట్టాల్నో పొద్దుగూకేలోపల చెప్పు," అన్నాడు సేటు. ఎర్రన్న పేరే చెప్తాడని అందరూ అనుకుంటున్నారు. ఎర్రన్న కూడా అదే అనుకుంటున్నాడు.

ఎర్రన్న రాజమల్లు అల్లుడు. రెక్కల కష్టానికి వెనకాడడు, కానీ పాకం దించడంలో మహా తొందర. తీగ తెగేదాకా ఆగడు. అట్లా దించిన పాకం తొట్లో గింజకట్టదు, జావలాగా ఉండిపోతుంది. పోశయ్య గుట్టుచప్పుడు కాకుండా దాన్ని మళ్లీ పొయ్యికెక్కించి సరిచేస్తుంటాడు. ఈ సంగతి రాజమల్లుకు మొదటి ఏడే తెలుసు. చెప్పాడా? ఎక్కడ చెప్తాడు! పిల్లనిచ్చి కాళ్లు కడిగిన అల్లుడాయె. అట్లాంటివాణ్ని పిప్పి కుప్ప వెనక నిలబెట్టి తప్పు పడతామా? ఏటా ఎర్రన్న వంతు వచ్చేసరికి, "నీకేంది అల్లుడా, బంగారం!" అనేవాడు. ఆకులో కాకుండా ఇత్తడి పళ్లెంలో పేలాలు పెట్టి ఇచ్చేవాడు. తన తప్పు చెప్పమని అడిగేవాడు కూడా కాదు.

పొయ్యిలో పిప్పి వేసే హన్మవ్వ ముందుగా వచ్చింది. కొంగు నడుముకు బిగించి, కొట్లాటకు వచ్చినట్టే నిలబడింది.

"ఆనాడు ముసురు పడితే పిప్పంత నానింది. అడుగున పొడి పిప్పి ఏరి తెచ్చి పొయ్యి ఆరకుండ సూసినవు. నీ అసొంటి చెయ్యి ఇంకొకల్లకు లేదు," అన్నాడు రాజమల్లు. "తప్పేందంటే నీ నోరు. కొత్తగ వచ్చిన ఆడోల్లు పని నేర్సుకోకముందే పారిపోతున్నరు."

"నేనెప్పుడు ఒర్రిన్నే!" అని మిల్లంతా దద్దరిల్లేట్టు ఒర్రింది హన్మవ్వ. ఆ వెంటనే నాలుక కరుచుకుని పకపకా నవ్వింది. "సరే తియ్యే అన్నా. ఇగ నీ తప్పిను. పిప్పి కుప్పకాడ కూసోని బీడీ తాగుతవు. ఏదో ఒకనాడు అందరిని బూడిద జేస్తవు."

రాజమల్లు చేతిలోని బీడీని గబుక్కున నేలకు రాసి ఆర్పాడు.

ఒక్కొక్కరే వచ్చి పోయారు. ఆఖరికి ఎర్రన్న వచ్చాడు, నెత్తికి కొత్త రుమాలు చుట్టుకుని. అప్పటికే జమేదారైనట్టుంది వాలకం.

"వర్ని కాలువకాడ బండి ఇరుసు ఇరిగిననాడు చెరుకంత నువ్వొక్కనివే మోసి గానుగ ఆగకుండ జేసినవు. గంత మొండితనం నాకు గూడ లేదు," అన్నాడు. "గని... పాకం తొందరగ దించుతవు అల్లుడా. నువ్వు దించింది పోశయ్య మల్ల కాస్తున్నడు. సేటుతోని జమేదారుకు పోశయ్య పేరు చెప్తున్న."

ఎర్రన్న మొహం ఎర్రబడింది. రుమాలు విప్పి చేతికి చుట్టుకున్నాడు.

"ఎప్పటిసంది దించుతున్న గట్ల?"

"నువ్వొచ్చినేడు సంది."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"అల్లునివాయె. నీకు కోపమొస్తే నా బిడ్డ మొకం నేనెట్ల సూడాలె?"

ఎర్రన్న చేతికున్న రుమాలును మరింత బిగించాడు. కూతురి కాపురంలో తానే నిప్పులు పోశానేమో అనుకున్నాడు రాజమల్లు.

"ఇగ నీ తప్పు నేను చెప్తున్న ఇను మామా," అన్నాడు ఎర్రన్న. "గదే నీ తప్పు. అందరికి చెప్పినవు, నాకొక్కనికే చెప్పలే. మిల్లుల ఇన్నేండ్లు అల్లునిగనే ఉన్న, మీల ఒకన్ని గాలే. మొదటేడే చెప్పుంటే ఇయ్యాల్టికి పాకం పట్టుడు రాకపోవునా నాకు?"

రాజమల్లుకు ఆ మాట సూటిగా తగిలింది. ఎంతమంది తప్పులు దిద్దాడు, సొంత మనిషిని మాత్రం మర్యాద చేసి చేసి చెడగొట్టాడు.

"అవు బిడ్డా, తప్పే," అన్నాడు.

అల్లుణ్ని బిడ్డా అనడం అదే మొదలు. ఎర్రన్న మొహంలో కోపం నిలవలేదు.

"మరి నా ఆకేది? పళ్లెం గిళ్లెం నడవదు చెప్తున్న!"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఎర్రన్న పేలాలు నములుతూనే కడాయిల దగ్గరికి పోయి, "ఓ పోశన్నా, వచ్చే ఏటికి నువ్వే జమేదారువు! నేను తొందరపడితే గరిటెతోని ఒక్కటెయ్యి!" అని అరిచాడు. పోశయ్య నమ్మలేక రాజమల్లు వైపు చూశాడు. రాజమల్లు తలూపాడు. హన్మవ్వ ఈలవేసింది.

సేటు గడ్డం గోక్కుని, రాజమల్లు మాటే ఖాయం చేశాడు. పొయ్యిల మీద నీళ్లు పోశారు. ఆవిరి కమ్ముకుంది. ఆ సందట్లోనే ఎర్రన్న, "నడు మామా, ఇంటికి," అంటూ రాజమల్లును రెక్క పట్టుకుని లాక్కెళ్లి తన సైకిలు వెనక కూర్చోబెట్టాడు. అల్లుడికి శ్రమ ఎందుకని ఏనాడూ ఆ సైకిలెక్కని మనిషి, చిన్నపిల్లాడిలా కాళ్లు పైకి ముడుచుకుని, పడిపోతానని అరుస్తూ నవ్వుతూ, కోసేసిన చెరకు చేల మధ్యనుంచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మిల్లుకు రాలేదు.

మిల్లు గుమ్మం బయట పొద్దున ఆయన విడిచిన టైరు చెప్పుల జత మాత్రం అట్లాగే ఉండిపోయింది. మడమల దగ్గర అరిగి, అంటిన పాకానికి చీమలు బారులు కట్టి, మొనలు కడాయిల వైపే తిరిగి ఉన్నాయి.