దీఘా ఫోటోలు

పెళ్లాం మీనాకుమారి ఫోన్ చేసేసరికి అమర్‌నాథ్ వర్క్‌షాప్ గేటు బయట సైకిల్ తాళం తీస్తున్నాడు.

"మావా, మా అయ్య టీవీలో దీఘా సముద్రం వస్తున్నాదట."

"వస్తే ఏటి?"

"ఛానల్లో కాదు. టీవీ ఊరికే ఉన్నప్పుడు దానంతటదే వస్తున్నాదట. సముద్రం, సరుగుడు సెట్లు, నాను కొబ్బరిబొండం తాగతన్న ఫోటో. బాగున్నాయమ్మా అని అయ్యే సెప్పినాడు."

అమర్‌నాథ్ సైకిల్‌ను మళ్లీ గోడకు ఆనించాడు.

పెళ్లయిన పదేళ్లకు వాళ్లిద్దరే కలిసి వెళ్లిన ఊరు దీఘా. ఒక్క గది క్వార్టర్‌లో అతని తల్లి, ఇద్దరు పిల్లలు, గది మధ్యలో తాడుకు వేలాడే చీర. దీఘా లాడ్జిలో తలుపుకు గడియ ఉంది. ఆ మధ్యాహ్నం గడియ వేశాక మీనాకుమారి సంచీలోంచి తండ్రి గార్డు టోపీ తీసి పెట్టుకుంది. ఈల నోట కరిచింది. పచ్చజెండా విప్పింది. ఆమె తండ్రి ఎర్రయ్య రైలు గార్డుగా రిటైరయ్యాక పెట్టెలో దాచుకున్న సామాను అది. ఆమె ఒంటి మీద అంతకు మించి చెప్పుకోదగ్గది లేదు. బండి వదలమని ఆమె ఈల ఊదుతుంటే అమర్‌నాథ్ నవ్వుతూ ఫోటోలు తీశాడు.

మావ ఎర్రయ్యకి కాలు విరిగి మంచాన పడితే కొత్త టీవీ బిగించిందీ అతనే. టీవీ మెయిల్ అడిగింది. ఇంట్లో ఇంకెవరికీ లేదు కాబట్టి తనది ఇచ్చాడు. అంతకు మించి ఆలోచించలేదు.

"నీ ఫోన్లోవి తీసీ ముందు," అంది మీనాకుమారి.

"దీఘా నుంచి రాగానే తీసీసినాను. అవి అప్పటికే మెయిల్లోకి ఎక్కిపోయి ఉంటాయి. అక్కడ తియ్యాలంటే పాస్‌వర్డ్ కావాల. ఆ మెయిల్ సేసిచ్చినవోడు మొబైల్ కొట్టోడు. కొట్టే ఎత్తీసినాడు."

"అయితే టీవీలో తీసీ. మా అయ్య ఆ జెండా సూసినాడంటే నాను మరా గుమ్మం తొక్కను. కాలిరిగిన మనిషికి అన్నం పెట్టడానిక్కూడా ఎల్లను. సెప్పీసినాను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. అతనికి తెలుసు.

సుభాష్‌పల్లిలోని అత్తారింట్లో ఎర్రయ్య కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని మంచంలో ఉన్నాడు. ఎదురుగా టీవీలో ఎవరో చేపల పులుసు వండుతున్నారు. అత్త అప్పలనర్సమ్మ కింద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. రిమోట్ ఆమె బొడ్లో ఉంది.

"రా అల్లుడూ," అన్నాడు ఎర్రయ్య. "సాయింత్రప్పూట ఇటు తిరిగినావేటి?"

"టీవీ ఎలగున్నాదో సూద్దామని. అత్తా, రిమోట్ ఇలాగియ్యి. సెట్టింగు మార్చాల."

"బాగానే ఉన్నాది," అంది ఆమె తలెత్తకుండా.

"అప్‌డేట్ అడుగుతాది."

"అడగనీ. మాకు తొందర నేదు."

అతను టీవీ వెనక్కి వెళ్లి ప్లగ్ మీద చెయ్యి వేశాడు. "ఆపకోయ్," అన్నాడు ఎర్రయ్య. "పులుసు అవనీ. ఇంట్లో నాకెలాగా పెట్టరు."

జేబులో ఫోన్ మోగింది. అమర్‌నాథ్ కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

పక్కింటి రాధారాణి దీదీ వచ్చి గడప దగ్గరే పీట వేసుకుంది. రోజూ ఈ వేళకి ఆమె సీరియల్ ఇక్కడే చూస్తుంది. "కీ గో జమాయ్, భాలో?" అని బెంగాలీలో అల్లుణ్ణి కుశలమడిగింది. అతను తలూపాడు. చూసేవాళ్లలో ఇంకొకరు తగ్గారనుకున్నాడేమో దేవుడు, అని లోపల పళ్లు నూరుకున్నాడు.

"అత్తా, ఒక్క నిమషం."

"టీ పెడతాను, ఉండు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. రిమోట్ బొడ్లోనే వెళ్లింది. మాట వినని మనిషి అని అతనికి కోపం వచ్చింది. కాలు విరిగిన మావ ఒక పక్క, ఫోన్లో పెళ్లాం ఒక పక్క, మధ్యలో ఈ రిమోట్. పోనీ లాక్కుందామంటే అత్తగారి బొడ్లో చెయ్యి పెట్టే అల్లుడు ఎక్కడైనా ఉంటాడా?

పులుసు అయిపోయింది. టీవీ ఆగి, ఇంకా చూస్తున్నారా అని అడిగింది. ఎర్రయ్యకు కునుకు పట్టింది. ఇంక కాసేపట్లో ఫోటోలు మొదలవుతాయి. అమర్‌నాథ్ లేచి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

"కీ హోలో? సరో నా," అని పక్కకు జరగమంది రాధారాణి.

అంతలో అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి, టీవీ వైపు చూడకుండానే రిమోట్ నొక్కి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. సీరియల్ మొదలైంది.

అప్పుడు అతను గమనించాడు. ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

వంటింట్లోకి వెళ్లాడు. ఆమె టీ వడకడుతోంది.

"ఏలికి ఏటయినాది, అత్తా?"

"నొక్కి నొక్కి వాసింది." గ్లాసు అతని ముందు పెట్టి రిమోట్ తీసి పక్కన పెట్టింది. "మొన్న మీ మావ నిద్రలో ఉండగా సూసినాను. అప్పట్నుంచి దాన్ని ఊరికే ఉండనివ్వనేదు. ఆపితే మళ్లీ పెట్టగానే ఏటొస్తాదో నాకేటి తెలుసు? ఆయన నిద్రపోతే నాను నొక్కాల. నాను నిద్రపోతే ప్లగ్గు పీకాల."

అమర్‌నాథ్ రిమోట్ అందుకున్నాడు.

"ఇందాక అడిగినప్పుడే ఇచ్చీసుండొచ్చు కదా."

"మీ మావ ముందు నువ్వు సెట్టింగులు తిప్పితే ఏది బయటికొస్తాదోనని. పడుకున్నాడు కదా, ఎల్లి తియ్యి. దీదీకి అడ్డం నాను కూకుంటాను."

ఆమె టీ గ్లాసుతో రాధారాణి ముందు కూర్చుని చిక్కుళ్ల ధర గురించి బెంగాలీలో మొదలుపెట్టింది. అమర్‌నాథ్ సెట్టింగుల్లో తన పేరు వెతికి టీవీలోంచి తీసేశాడు. ఖాళీ తెర మీద ఏవో కొండలు వచ్చాయి. ఎవరివో.

ఎర్రయ్య కళ్లు తెరిచాడు. "సముద్రం రాదేటి?"

"పోనాది మావయ్యా. కంపెనీవోడు మార్చీసినాడు."

"బాగుండేది," అన్నాడు ఆయన దిగులుగా.

గుమ్మం దాకా వచ్చి అత్త గొంతు తగ్గించింది. "దానికి సెప్పకు. నాను సూసినానంటే రేపట్నుంచి రాదు. దాని అయ్య దాని సేత్తో తప్ప తినడం నేదు."

"సెప్పను."

"టోపీ, ఈల, జెండా. దానికి తెలీకుండా తెచ్చీ. ఉతికి మరీ తే. కాలు బాగవగానే ముందు పెట్టే తీస్తాడు."

ఫోన్ మళ్లీ మోగింది. "అమ్మ సూసినాదా?" అంది మీనాకుమారి.

"నేదు," అన్నాడు అమర్‌నాథ్.

సైకిలెక్కాడు. ఆ ఒక్క గదిలో, ఆ చీర వెనక, మీనాకుమారికి తెలియకుండా జెండా ఉతికి ఆరేసే తాడు ఎక్కడుందో దారి పొడుగునా మనసులో వెతుకుతూనే ఉన్నాడు.