విశ్వతేజ పేరు మీద

ప్రతి శనివారం పొద్దున భార్య భవానిని శామీర్‌పేటలో ఆమె పాఠాలు చెప్పే బడి దగ్గర దింపి వచ్చేటప్పుడు, వీరేందర్ దారిలో అద్దెకిచ్చే ఒక ఫుట్‌బాల్ టర్ఫ్ దగ్గర బండి ఆపేవాడు. పక్క కాలనీలో ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్లు, బ్యాంకు వాళ్లు అక్కడ ఫుట్‌బాల్ ఆడుకునేవారు. వల అవతల నిలబడి కాసేపు చూసి అల్వాల్‌లోని ఇంటికి వెళ్లిపోయేవాడు. ఒక వారం వాళ్లకు ఒక మనిషి తక్కువయ్యాడు.

"ఏమండీ, ఖాళీగా ఉంటే మీరొస్తారా?" అని లోపలి నుంచి ఒకాయన పిలిచాడు.

ఆయన హేమచంద్. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్న బ్యాంకు ఉద్యోగి, కాలనీ సంఘం కార్యదర్శి. "ఇదివరకు ఎప్పుడైనా ఆడారా?" అని అడిగాడు.

"చిన్నప్పుడు అల్వాల్ల కొంచెం ఆడిన," అన్నాడు వీరేందర్.

అల్వాల్‌లో ఆడిన మాట నిజమే. ఆ తర్వాత కోల్‌కతాలో పెద్ద క్లబ్బుకు ఏళ్ల తరబడి ఆడాడని, భారత జట్టుకు మిడ్‌ఫీల్డులో ఆడాడని, ఒక పర్యటనలో కెప్టెన్‌గా కూడా ఉన్నాడని చెప్పలేదు. మోకాలు రెండోసారి దెబ్బతిన్నాక, ఒక సాయంత్రం మ్యాచ్ మధ్యలో కోచ్ అతన్ని బయటికి పిలిచాడు. అతను కుంటుతూ గీత దాటుతుంటే, ఒకప్పుడు తన మీద పాటలు కట్టి పాడిన స్టాండులోని జనమే, పీడ వదిలిందన్నట్టు చప్పట్లు కొట్టారు. క్లబ్బు మళ్లీ పిలవలేదు. ఆటగాడిగా వచ్చిన రైల్వే ఉద్యోగం ఉంది కాబట్టి సికింద్రాబాద్ ఆఫీసులో వచ్చి కూర్చున్నాడు. అతనికి ఆట నేర్పిన మైసయ్య సారు ఇల్లు అల్వాల్‌లోనే, నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. తిరిగొచ్చాక ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. సారు ఎదురుగా కూర్చుంటే ఆ సాయంత్రం గురించి చెప్పాల్సి వస్తుంది.

టర్ఫ్ మీద ఆ బాధ లేదు. అక్కడ అతను ఎవరో ఎవరికీ తెలియదు. సగం వేగంతో ఆడేవాడు, గోల్ కొట్టే అవకాశం వస్తే పక్కవాడికి ఇచ్చేవాడు. అయినా ఒంటికి చెమట పట్టి ఇంటికి వెళ్లిన రోజు అన్నం రుచిగా ఉండేది.

కాలనీ జట్టులో బాగా ఆడేవాడు విశ్వతేజ. చిన్న వయసు, విదేశీ మ్యాచ్‌లన్నీ చూస్తాడు. "చూశారా వీరేందర్ గారూ, అంత గొప్ప ప్లేయరు చివరికి ఎవరూ పేరు వినని క్లబ్బుకి పోయాడు. ఇంట్లో కూర్చుంటే పరువుగా ఉండేది కదండీ?" అన్నాడు ఒకరోజు బూట్లు విప్పుకుంటూ.

"ఆట ఇడ్సిపెట్ట బుద్ధి కాదేమో," అన్నాడు వీరేందర్.

ఆ ఏడాది శామీర్‌పేటలో యాదగిరి ఒక ఫుట్‌బాల్ కప్పు పోటీ పెట్టాడు. తాతల నాటి భూములున్న కుటుంబం ఆయనది. ఇప్పుడు వెంచర్లు వేస్తాడు, రాజకీయాల్లో తిరుగుతాడు. చుట్టుపక్కల ఊళ్లూ కాలనీలూ ఏవైనా జట్టు కట్టవచ్చు, కానీ ఆడేవాడు ఆ ఊళ్లోనో ఆ కాలనీలోనో ఉండేవాడై ఉండాలి. హేమచంద్ జట్టు ఎలాగో ఫైనల్‌కు చేరింది. సరిగ్గా అప్పుడే విశ్వతేజ చీలమండ బెణికింది.

"మీరు ఆడేయండి వీరేందర్ గారూ, విశ్వ పేరు మీద. ఎవరు చూడొచ్చారండీ!" అన్నాడు హేమచంద్.

"సరే," అన్నాడు వీరేందర్.

ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. తర్వాత అతన్ని అన్నిటికన్నా ఎక్కువగా కాల్చింది ఆ తొందరే. ఎవరూ బలవంతపెట్టలేదు, ఏమీ ఇస్తామనలేదు. గీతలు గీసిన పెద్ద గ్రౌండులో, జనం ముందు మరొక్క మ్యాచ్. దానికోసం తల్లిదండ్రులు పెట్టిన పేరు తీసి పక్కన పెట్టేశాడు. భవానికి ఆఫీసు పనుందని చెప్పి వచ్చాడు.

ఫైనల్లో ఎదుటి జట్టు శామీర్‌పేట ఊరిది. యాదగిరి కొడుకు హరీష్ దానికి కెప్టెన్. గ్రౌండు చుట్టూ జనం నిండిపోయారు. జట్లు వరసగా నిలబడ్డాక రెఫరీ నడుచుకుంటూ వచ్చాడు. తెల్ల టోపీ, మెడలో నల్లతాడుకు విజిల్. ఆయన మైసయ్య సారు.

సారు ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ మొహం చూస్తున్నాడు.

"విశ్వతేజ."

వీరేందర్ చెయ్యెత్తాడు. మైసయ్య తలెత్తి చూశాడు. చూపు మొహం మీద ఆగింది, అక్కడి నుంచి ఎడమ మోకాలి మీదికి దిగింది. మళ్లీ కాగితంలోకి చూసి తర్వాతి పేరు పిలిచాడు.

అప్పుడే బయటికి వచ్చేయవలసింది. కడుపులో నొప్పని చెప్పినా సరిపోయేది. కానీ విజిల్ మోగింది, బంతి వచ్చి కాలికి తగిలింది. ఆ పైన అతను ఆగలేకపోయాడు. టర్ఫ్ మీద దాచుకున్నదంతా బయటపడింది. ముగ్గురి మధ్య నుంచి బంతి తీసుకెళ్లాడు. చూడకుండానే వెనక్కి తన్నితే అది వెళ్లి హేమచంద్ కాళ్ల దగ్గర పడింది, హేమచంద్ కళ్లు మూసుకుని తన్నితే గోలయింది. కాసేపటికి హరీష్ జట్టు కూడా ఒక గోల్ కొట్టి సమం చేసింది. విరామం విజిల్ పడగానే హరీష్ నేరుగా రెఫరీ దగ్గరికి వచ్చాడు.

"సార్, గీయన గా కాలనోడు కాదు. గిట్ల ఆడెటోడు మా దిక్కు ఎవ్వలు లేరు. రోజు గాడికెళ్లే పోత, నాకు ఎర్క లేదా?"

యాదగిరి కూడా లేచి వచ్చాడు. "ఏందో తేల్చుండ్రి మైసయ్య సార్. మీరు ఏదంటే గదే. మీ మాట మీద మాకు నమ్మకం."

మైసయ్య వీరేందర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. చుట్టూ రెండు జట్లూ మూగాయి.

"నీ పేరేంది?" అని అడిగాడు.

మెల్లగా అడిగాడు. చెప్పడానికి ఆయన దారి ఇస్తున్నాడని వీరేందర్‌కు అర్థమైంది. హేమచంద్ వైపు చూశాడు. హేమచంద్ కళ్లతోనే బతిమాలుతున్నాడు. బయట కుర్చీలో కాలికి పట్టీతో కూర్చున్న విశ్వతేజ తల వంచేసుకున్నాడు.

"విశ్వతేజ, సార్," అన్నాడు వీరేందర్.

ఆ 'సార్' చిన్నప్పుడు పిలిచినట్టే వచ్చింది. మైసయ్య మెడలోంచి విజిల్ తీసి లైన్‌మన్ చేతికిచ్చాడు. "నా కండ్లు సక్కగ కనవడ్తలెవ్వు. సెకండాఫ్ నువ్వు నడుపు," అని, టోపీ సర్దుకుని, జనం మధ్య నుంచి రోడ్డు వైపు వెళ్లిపోయాడు. నిజం చెప్పి శిష్యుణ్ణి పది మందిలో పట్టివ్వలేదు. అలాగని ఆ అబద్ధానికి విజిల్ ఊదనూ లేదు.

రెండో సగంలో వీరేందర్‌కు బంతి వద్దనిపించింది. దానికి దూరంగా తిరిగాడు. అయినా చివర్లో ఒక బంతి గాలిలో ఎగిరి వచ్చి అతని ముందే పడింది. మనసు సిగ్గుతో చచ్చిపోతున్నా కాలికి ఆ సంగతి తెలియలేదు. అలవాటుగా లేచి తన్నింది. బంతి పై మూల నుంచి వలలోకి దూరింది. కాలనీ వాళ్లు అతన్ని ఎత్తుకుని "విశ్వా! విశ్వా!" అని అరిచారు. కోల్‌కతా స్టాండు చప్పట్లే ఇంతకన్నా నయమనిపించింది. అవి కనీసం అతని కోసం కొట్టినవి.

బహుమతుల దగ్గర మైకులో ఉత్తమ ఆటగాడని విశ్వతేజ పేరు చదివారు. వీరేందర్ వేదిక ఎక్కాడు. యాదగిరి జ్ఞాపిక అందిస్తే తీసుకోలేదు. మైకు అడిగి తీసుకున్నాడు.

"నా పేరు వీరేందర్. మాది అల్వాల్. నేను గీ కాలనోన్ని కాదు. ఇండియాకు ఆడిన. తప్పు జేసిన. గెలుపు ఊరోళ్లది."

జనంలో ఫోన్లు బయటికొచ్చాయి. ఎవరో పాత ఫొటో వెతికి పట్టుకున్నారు. "అరె, నిజంగనే ఇండియా ప్లేయర్ రా!" అంటూ ఫొటోల కోసం మీదపడ్డారు. హేమచంద్ చేతులు పట్టుకుని ఊపేశాడు. "ఇంత పెద్దవారని ఒక్క ముక్కైనా చెప్పలేదేంటండీ! మా టీములో ఆడారంటే మాకెంత పేరండీ!"

తిడతారనుకున్నాడు. తిడితే తల దించుకుని నిలబడేవాడు. మొహం మీద ఫోన్లు పెట్టి నవ్వమంటుంటే ఏం చేయాలో తోచలేదు.

హరీష్ ఒక్కడే ఫొటోకు రాలేదు. కప్పు వాళ్లకే ఇచ్చారు కానీ దాన్ని ముట్టుకోలేదు. "పెద్ద ప్లేయర్‌వే గదా అన్నా. మాతోని ఆడాలంటే వచ్చి అడిగితే నెత్తిన వెట్టుకుందుము గదా. దొంగ లెక్క ఎందుకొచ్చినవ్?" అన్నాడు.

వీరేందర్ జనంలోంచి బయటపడి బండి తీశాడు.

అక్కడి నుంచి నేరుగా మైసయ్య ఇంటికి వెళ్లాడు. ఆయన భార్య సుశీల తలుపు తీసి, అతన్ని చూసి పక్కకు జరిగింది. సారు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"యాదగిరి ఫోన్ జేసిండు. చెప్పినవంట గదా," అన్నాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్."

"నువ్వు వేరే పేరు మీద ఆడినవ్, అది ఒక ముచ్చట. నేను అడిగితే నా మొకం జూసుకుంట చెప్పినవ్ సూడు, అది ఇంకో ముచ్చట." మైసయ్య అతని వైపు తిరిగాడు. "కోల్‌కతకెళ్లి వచ్చి ఎన్నొద్దులాయె? గల్లీల ఎదురువడ్తవని రోజు సూసిన. ఓడిపోయి వస్తే నేను ఇంట్లకు రానియ్యననుకున్నవా?"

వీరేందర్ నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ సాయంత్రం సంగతి, చప్పట్ల సంగతి అప్పుడు చెప్పాడు. ఇప్పటిదాకా భవానికి కూడా చెప్పనిది. మైసయ్య ఓదార్చలేదు. అంతా విని, "నన్ను కాదు, గా యాదగిరి పోరగాన్ని అడుగు మాఫీ," అన్నాడు.

ఇంటికెళ్లి భవానికి చెప్పడం ఇంకా కష్టమైంది. మరుసటి వారం శామీర్‌పేట వెళ్లాడు. హరీష్ జట్టు ప్రాక్టీసు చేస్తోంది. వీరేందర్ అందరి ముందూ క్షమాపణ అడిగాడు. హరీష్ కాసేపు బంతిని కాలితో దొర్లించాడు.

"మేడ్చల్ల లీగ్ ఉంది. అండ్ల గీ ఊరోళ్లే ఆడాలని రూల్ లేదు. మాకు మిడిల్ల ఒకడు తక్కువున్నడు," అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు.

అలా ఒకప్పటి భారత జట్టు కెప్టెన్ ఆఖరు సీజను శామీర్‌పేట కుర్రాళ్లతో ఆడాడు. సగం మ్యాచ్‌లు బెంచీ మీద గడిచాయి. మోకాలు వాచేది. హరీష్ పనున్నంత వరకే మాట్లాడేవాడు. బంతి మాత్రం ఇచ్చేవాడు.

చివరి మ్యాచ్ రోజు వాన పడి మేడ్చల్ గ్రౌండు బురదైంది. వీరేందర్ బంతిని మరీ ఎక్కువసేపు కాలి దగ్గర ఉంచుకున్నాడు. ఒక కాలేజీ పిల్లవాడు లాక్కుపోయి గోల్ కొట్టాడు. జట్టు ఓడింది. "నా తప్పే," అన్నాడు వీరేందర్. "నీదే," అన్నాడు హరీష్, అని నీళ్ల సీసా అతని చేతిలో పెట్టాడు. ఇక ఆడనని వీరేందర్ అతనికి అక్కడే చెప్పాడు.

గేటు దగ్గర మైసయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వస్తానని చెప్పలేదు.

"కాలు సాథ్ ఇస్తలేదని ఎర్కైనంక బాల్ ఎందుకు పెట్టుకున్నవ్? జల్దీ ఇచ్చెయ్యద్దా?" అన్నాడు.

"తప్పైంది సార్."

బండి వెనక ఎక్కి, ఇంటి దారిలో కండ్లకోయ దాటేదాకా ఆయన తిడుతూనే ఉన్నాడు. వీరేందర్ చెవులు వేడెక్కాయి. ఒక్క మాటా గాలిలో కలిసిపోకుండా, బండి మెల్లగా నడుపుతూ విన్నాడు.