దత్తత పోయిన ఇల్లు

రహమత్ నగర్‌లో బాలమణి ఇంటి తలుపు మీద ఒక స్టిక్కర్ ఉంది. ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో 'దత్తత కుటుంబం'. డాక్టరీ చదివే పిల్లలకు పేదల రోగాలూ బతుకులూ తెలియాలని ఒక్కొక్కరికి బస్తీలో కొన్ని ఇళ్లు అప్పజెప్పారు. ఈ పనికి ఇంకే పేరు పెట్టినా ఇంత దూరం వచ్చేది కాదు. ఏరికోరి దత్తత అన్నారు.

బాలమణికి ఆ మాట ఆషామాషీ మాట కాదు. ఆమే దత్తత బిడ్డ. పిల్లల్లేని మేనత్త ఒళ్లో నలుగురి ముందు కూర్చోబెట్టి ఇచ్చేశారు. ఆనాటి నుంచి జ్వరమొచ్చినా, పెళ్లయినా అన్నీ మేనత్తే చూసింది. కన్నతల్లి పోతే బాలమణికి మూడు రోజుల మైల. మేనత్త పోయినప్పుడు మాత్రం పదిరోజులూ పట్టింది. దత్తత అంటే ఆమెకు తెలిసింది అదీ.

అందుకే జూబ్లీ హిల్స్ సినిమా నిర్మాత కూతురు సాయిసుధ తెల్లకోటు వేసుకొచ్చి, "ఈరోజు నుంచి మీ కుటుంబాన్ని నేను దత్తత తీసుకున్నానండీ" అన్నప్పుడు బాలమణి పకపకా నవ్వింది.

"ఇగో, అరవై ఏండ్లకు నాకు ఇంకో తల్లి దొరికింది!"

నవ్వింది గానీ నమ్మింది. నమ్మడమే ఆమె చేసిన తప్పు.

ఆమె మొగుడు భిక్షం స్టూడియోల్లో సెట్లు వేసే మనిషి. రాజుల కోటలకు ప్లాస్టర్ స్తంభాలు చేసీ చేసీ, ఆ దుమ్మంతా మింగాడు. కొన్నాళ్లుగా విడవని దగ్గు. బస్తీ దవాఖానా నర్సు తెరెసా తెమడ పరీక్షకు రమ్మని చెప్పిన వారంలోనే సాయిసుధ వచ్చింది.

"మాకు ఇంటి డాక్టరే ఉంది సిస్టర్, ఫికర్ లేదు," అని బాలమణి తెరెసాను సాగనంపింది.

సాయిసుధ చెడ్డపిల్ల కాదు, ఆ మాట కూడా చెప్పాలి. పళ్లు తెచ్చేది, చాప మీదే కూర్చునేది, భిక్షాన్ని పెదనాన్నా అని పిలిచేది. ఛాతీ విని కళ్లు పెద్దవి చేసి, మర్నాడు స్నేహితులను కూడా తీసుకొచ్చింది. భిక్షం చొక్కా విప్పి కూర్చుంటే ఒకరి తర్వాత ఒకరు విన్నారు.

"ఇంకోసారి గట్టిగా దగ్గండి పెదనాన్నా."

"బతుకంత సెట్లేసిన. గిప్పుడు నేనే సెట్టయిన," అన్నాడు భిక్షం. అందరూ నవ్వారు. బాలమణి కూడా నవ్వింది.

"మందు రాయవా బిడ్డా?" అని ఆమె అడిగితే, "సార్‌ని అడుగుతానండీ," అంది సాయిసుధ. అడిగింది కూడా. "ఈ ఏడు మాకు వినడమే నేర్పుతారట. ఆసుపత్రికి పంపించడం వచ్చే ఏడాది చెప్తారట," అని వచ్చి చెప్పింది. ఇంత చదువుకీ చివరికి తేలింది ఇది.

తర్వాత పరీక్షలన్నారు, సాయిసుధ రాలేదు. ఇళ్లవాళ్లకు ఫోన్ నంబర్ ఇవ్వకూడదని కాలేజీ రూలు. ఒకనాడు భిక్షం దగ్గితే తువ్వాలు మీద నెత్తురు పడింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, బాలమణి ఆటో ఎక్కి జూబ్లీ హిల్స్‌లో ఆ పిల్ల ఇల్లు వెతుక్కుంటూ పోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "వేషాల కోసమా? గీడ ఇయ్యరు. కృష్ణానగర్‌ల ఏజెంట్లుంటరు, గాడికి పో."

"వేషాలు గాదన్నా. మేం సాయిసుధమ్మ దత్తతోళ్లం. జర చెప్పు."

"ఏందీ? నువ్వు దత్తతనా?" అని వాచ్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. లోపలి నుంచి కారు వస్తుంటే ఆమెను పక్కకు నెట్టి సలాం కొట్టాడు. కారు అద్దాలు నల్లవి. లోపల ఎవరున్నారో బాలమణికి కనబడలేదు.

చివరికి తెరెసానే భిక్షాన్ని సర్కారు ఆసుపత్రిలో చేర్పించింది. "ఇన్ని రోజులు ఏం చేసిండ్రు?" అని అక్కడి డాక్టర్ కసిరాడు. దత్తత పోయి కూర్చున్నామని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? భిక్షం ఆ వార్డులోనే పోయాడు.

మైల తీరిన మర్నాడు సాయిసుధ వచ్చింది. వెంట కొత్త కోటు వేసుకున్న కుర్రాడు.

"బాగున్నారా అమ్మా? ఇతను మా జూనియర్, ప్రేమ్ చంద్. ఇక మీ కుటుంబాన్ని ఇతనికి అప్పగిస్తున్నాం." కుర్రాడి వైపు తిరిగి, "పెదనాన్న ఛాతీ విను. అంత స్పష్టంగా నీకింకెక్కడా వినపడదు," అంటూ లోపలికి తొంగిచూసింది. "పెదనాన్న లేరా?"

"లేడు."

"ఎప్పుడొస్తారు?"

బాలమణి మొహమెత్తి చూసింది. బొట్టు లేని ఆ నుదురు చూసి సాయిసుధ చెయ్యి నోటికి పోయింది.

"అయ్యో... నాకెవరూ చెప్పలేదండీ."

"నెత్తురు పడ్డనాడే చెప్పనీకె ఒచ్చిన బిడ్డా. మీ గేటు దాటనియ్యలే."

పిల్ల కళ్ల నిండా నీళ్లొచ్చాయి. దొంగ ఏడుపు కాదు, బాలమణికి తెలుసు. అదే ఆమెకు ఒళ్లు మండించింది.

"నువ్వు పో బాబూ," అంది కుర్రాడితో. "ఒకపారి దత్తత పోయినోళ్లను మళ్ల ఇంకొకరికి ఇయ్యరు. మా దిక్కు గా రివాజు లేదు."

తర్వాత సాయిసుధ వైపు తిరిగింది.

"ఏడ్వకు. ఇంటికి పోంగనే తల మీద నీళ్లు పోస్కో. దత్తత తీసుకున్నోళ్లకు గూడ మైలుంటది."