సముద్రం వైపు గది

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఎక్స్ఛేంజక్క అంటారు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అదే పిలుపు. మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, బయటినుంచి వచ్చిన ప్రతి ఫోనునూ ఏ వార్డుకు చేరాలో ఆ వార్డుకు కలపడం ఆమె పని. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ సంగతి అవతల మాట్లాడేవాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ ఎన్నడూ రాలేదు.

ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న రాజధానికి వెళ్ళాలన్న కోరిక ఆమెకు ఆ గదిలోనే పుట్టింది. ఇక్కడ నయంకాని జబ్బులవాళ్ళను రాజధానిలోని పెద్దాసుపత్రికి పంపుతుంటారు. అక్కడి ఎక్స్ఛేంజిలో కూర్చునే పెద్దావిడకు కిటికీ తెరిచిపెట్టుకునే అలవాటు. లైను కలిసేలోపు ఆ కిటికీలోంచి ఓడ కూతలు, పక్షుల కీచులాటలు, తలుపుల్ని ఈడ్చి కొట్టే గాలి వినపడేవి. అదేం గోలండీ అని ఒకసారి అడిగితే, రేవు మా గోడవతలే ఉందమ్మా, వచ్చి చూడరాదా అందావిడ. ‘చూడరాదా’ అన్న మాట ఎంత మామూలుగా అందంటే, ఎక్స్ఛేంజక్క ఆ రోజంతా దాన్నే తలచుకుంది.

ఒకనాడు తమ్ముడింట్లో భోజనాల దగ్గర ఆ మాట బయటపెట్టింది. తమ్ముడు ఎగిరి గంతేశాడు. తనూ ఆ ఊరు ఎప్పుడూ చూడలేదట, అక్కడ వేసవిలో పొద్దుపోయాక కూడా వెలుగుంటుందట, కారులో అందరం పోదాం అన్నాడు. ఏర్పాట్లన్నీ నువ్వే చూడక్కా, ఫోనులో నీ అంత చక్కగా ఎవరు మాట్లాడతారు అని బరువంతా ఆమె నెత్తిన పెట్టాడు. ఆమెకు అది బరువనిపించలేదు. మధ్యాహ్నం భోజన విరామంలో తన సొంత ఫోను తీసుకుని కూర్చునేది. కొండవైపు రోడ్డు ఎప్పుడు మూస్తారు, ఎదురుగా ఉన్న లంకకు పడవలు ఏ వేళకు కదులుతాయి, వాన పడితే ఎక్కడ కూర్చోవచ్చు, అన్నీ ఆరా తీసింది. ఆ ఊళ్ళో వేసవి మూణ్ణాళ్ళ ముచ్చట కాబట్టి బసలు దొరకడం గగనం. పది చోట్ల లేదనిపించుకుని, చివరికి రేవు పక్క సందులో ఒక చిన్న లాడ్జి పట్టింది. సముద్రం వైపు ఒక గది, వెనకవైపు రెండు. ముందువైపు గది తనకు కావాలంది. తనకు కళ్ళు కనబడవని కూడా చెప్పింది. లాడ్జి యజమానురాలు, అయితే మంచం కిటికీకి దగ్గరగా జరిపించనా, దూరంగానా అని అడిగింది. అంతకు మించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

గదుల సంగతి విని మరదలు మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే, “ఆ ముందువైపు గది మాకిచ్చెయ్యి వదినా, నీకు ఏ గదైనా ఒకటే కదా” అంది. ఎక్స్ఛేంజక్కకు చురుక్కుమంది కానీ, పోనీలే చిన్నపిల్ల అని సర్దుకుంది. గది మాత్రం ఇవ్వనంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేశాడు. గొంతులో బెల్లం కలుపుకుని మొదలుపెట్టాడు. మరదలి అన్నా వదినా కూడా వస్తామన్నారట, కాదంటే బాగుండదట. కారులో ఐదుగురికే చోటు: వాళ్ళిద్దరూ, తామిద్దరూ, తమ పాప. పైగా ఆ ఊళ్ళో అన్నీ ఎత్తుపల్లాలట, రాళ్ళు పరిచిన దారులట, గాలికి మనిషి నిలవలేడట. నీకు శ్రమక్కా, నీ మంచికే చెప్తున్నా, తిరిగొచ్చాక అన్నీ పూసగుచ్చినట్టు చెప్తాంగా అన్నాడు. ఆ ఎత్తుపల్లాల సంగతి అతనికి చెప్పిందే ఆమె.

ఆమె సరే అనలేదు, కాదనీ అనలేదు. అతను అవుననే అనుకుని, హమ్మయ్య అంటూ ఫోను బల్లమీద పెట్టేశాడు. పెట్టాడేగానీ కట్ చెయ్యలేదు. అవతల మాటలు ఆమె చెవినపడుతూనే ఉన్నాయి. ఏమందిట అని ఎవరో అడిగారు. ఒప్పుకుందన్నాడు తమ్ముడు. అప్పుడు మరదలి అన్న గొంతు ఖంగుమంది.

“మరి ఒప్పుకోక? గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. ఆవిడకి ఏ ఊరైతేనేం.”

నవ్వులు. ఆ నవ్వుల్లో ఒకటి తమ్ముడిది. చిన్నప్పట్నుంచీ ఎరిగిన నవ్వు, ముందు ముక్కుతో మొదలై తర్వాత గొంతులోకి దిగే నవ్వు. పొరబడటానికి వీల్లేదు.

ఎక్స్ఛేంజక్క ఫోను కట్ చేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి గదిలో అటూ ఇటూ నడిచింది. ఉతికిన బట్టలు మడతపెట్టబోయి, మడతపెట్టినవాటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆ పరాయివాడు ఏమన్నా ఆమెకు పట్టింపు లేదు, వాడి నోరు వాడిది. రోడ్డు మీద అంతకంటే పాడు మాటలు రోజూ వింటూనే ఉంది. తన తోడబుట్టినవాడు నవ్వడమే గుండెలో ముల్లులా దిగింది. ఏరు దాటకుండానే తెప్ప తగలేశాడు వీడు, అనుకుంది.

మర్నాడు లాడ్జికి ఫోను చేసింది. వెనక గదులు రెండూ వదిలేస్తున్నానని, ముందు గది అలాగే ఉంచమని, తనొక్కతే వస్తున్నానని చెప్పింది. ఆ తర్వాత చాటుగా ఉంచడం ఇష్టంలేక తమ్ముడికీ ఫోను చేసింది. “గదులు నా పేరున ఉన్నాయిరా. ముందుది నాది. వెనకవి వదిలేశాను. కావాలంటే నువ్వే అడిగి తీసుకో, నంబరు రాసుకో,” అని అంకెలన్నీ తాపీగా చెప్పింది. అతను అడిగేసరికే ఆ గదుల్ని ఇంకెవరో ఎగరేసుకుపోయారు.

సాయంత్రం అతను ఇంటికొచ్చాడు. వస్తూనే గొంతు పెంచాడు. మరదలి అన్న ముందు తన పరువు పోయిందట, సెలవులు పెట్టుకుని కూర్చున్నారట, ఇంత పంతమేమిటి, నిన్నేదో తక్కువ చేశామని ఊహించుకుని ఇంటిమీద పగబడతావా అన్నాడు.

“ఊహించుకోలేదు. నువ్వు ఫోను పెట్టెయ్యడం మర్చిపోయావు.”

అతను కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆయనేదో సరదాకన్నాడు, మనసులో ఏమీ పెట్టుకునే మనిషి కాదు అని గొణిగాడు.

“ఆయన సంగతి నాకెందుకు? నువ్వు నవ్వావు.”

“అందరూ నవ్వుతుంటే...”

“అవును. అందరూ నవ్వుతుంటే నువ్వూ నవ్వావు. నువ్వు గమ్మునున్నా నాకింత మంట పుట్టేది కాదురా.”

అతను ముక్కు చీదుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అని ఆమెకు ఒక్క క్షణం జాలి కలిగింది, కానీ ఆ జాలిని అక్కడే తొక్కిపెట్టింది. ఈసారి జాలిపడితే జీవితమంతా తన ముందు వీళ్ళు ‘నీ మంచికే’ అంటూనే ఉంటారు. వాళ్ళెవరూ వద్దు, మనిద్దరమే వెళ్దాం, నేను తీసుకెళ్తాను, నువ్వొక్కదానివే ఎలా వెళ్తావ్, దారిలో ఏదైనా అయితే అన్నాడతను.

“రోజూ రెండు బస్సులు మారి పనికి పోతున్నాను. అప్పుడు ఏమీ కాదనేగా, ఒక్కనాడూ అడగలేదు?” అంది ఆమె. “ఈసారికి నేనొక్కదాన్నే.”

అతను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అక్కడికెళ్ళి నువ్వేం చేస్తావక్కా అని అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. అది చెప్పి ఒప్పించాల్సిన ఖర్మ తనకు లేదనిపించింది ఆమెకు. కారు ఎక్కబోయే ఐదుగురిలో ఎవర్నీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. తలుపు వేసుకుంది.

టికెట్టు కోసం స్టేషన్‌కు పోతే అక్కడ ఇంకో బాగోతం. కౌంటర్లో మనిషి ఆమె చేతికర్ర చూసినట్టున్నాడు. ఆమె అడిగినదానికి బదులు చెప్పకుండా, ఆమె వెనక నిలబడ్డ వ్యక్తితో, “ఈవిడతో వచ్చింది మీరేనా? ఎక్కడికి వెళ్ళాలంట?” అన్నాడు.

“టికెట్టు అడుగుతున్నది నేనండీ. నాతో మాట్లాడండి,” అంది ఎక్స్ఛేంజక్క.

తోడు లేకుండా అంత దూరం టికెట్టు ఇవ్వడం కుదరదన్నాడు. రూలట. ఏ రూలో చదివి వినిపించండి, వింటానంది. అతను కాగితాలు తిరగేశాడు. తిరగేస్తూనే ఉన్నాడు. వెనక వరసలో ఒకడు మాకు ఆలస్యమవుతోందని సణిగాడు. ఒకావిడ మాత్రం, ఇవ్వవయ్యా, ఆవిడ డబ్బులు డబ్బులు కావా అంది. ఎక్స్ఛేంజక్క కౌంటరు అంచు పట్టుకుని కదలకుండా నిలబడింది. గొంతు పెంచనూ లేదు, దించనూ లేదు. ఫోన్లలో కోపిష్టి డాక్టర్లను, ఏడ్చే బంధువుల్ని ఇన్నేళ్ళు సముదాయించిన గొంతు అది. మీ పైఅధికారిని పిలవండి, అంతదాకా ఇక్కడే ఉంటానంది. పైఅధికారి వచ్చాడు, కౌంటర్ మనిషి చెవిలో ఏదో గొణిగాడు, టికెట్టు చేతికొచ్చింది. పొరపాటైందన్న మాట మాత్రం ఏ నోటినుంచీ రాలేదు. ఇంటికి పోయేదాకా ఆమె ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆమె బయల్దేరే వారంలోనే తమ్ముడి బృందం వేరే ఎక్కడికో వెళ్ళొచ్చింది. మరదలు మాట్లాడటం మానేసింది. తమ్ముడు మాత్రం ప్రయాణం రోజు పొద్దున స్టేషన్‌కు వచ్చాడు. పిలవలేదు, అయినా వచ్చాడు. పెట్టెలో పెట్టుకోమని ఒక ఉన్ని శాలువా ఇచ్చాడు. ఆమె తీసుకుంది. అక్కడికి చేరాక ఫోను చెయ్యక్కా అన్నాడు. చూద్దాంలే అంది. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు, దిగినట్టు నటించాల్సిన పనీ లేదు. రైలు కదిలేటప్పుడు అతను కిటికీ పక్కన నాలుగడుగులు నడిచాడు. ఆ అడుగులు ఆమెకు తెలుసు. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

రాజధాని స్టేషన్లో దిగేసరికి సన్నగా వాన. చలిగాలి చెంపల్ని కోసింది. ఎవరో కూలీ గబగబా వచ్చి, రండమ్మా రండి అంటూ ఆమె జబ్బ పట్టుకుని లాగాడు. ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది.

“చెయ్యి వదలండి. వదిలి, మీ మోచెయ్యి ఇటివ్వండి. నేను పట్టుకుంటాను. మీరు ఒక అడుగు ముందు నడవండి, అంతే.”

అతను తడబడ్డాడు. తర్వాత వదిలేసి, మోచెయ్యి చాపాడు. కోటు గుడ్డ గరుకుగా, తడిగా ఉంది. ఇలాగేనా అన్నాడు. ఇలాగే అంది.

“ముందు దిగుడుందమ్మా. రాళ్ళు జారతాయి. మెల్లిగా పోదామా?”

“మీ నడక మీరు నడవండి,” అంది ఎక్స్ఛేంజక్క. ఇద్దరూ వానలో దిగువకు నడిచారు.