దర్జీ ఎరిగిన జాకెట్టు

చెప్పులు విప్పకముందే మొదటి దెబ్బ పడింది. కొలబద్ద అంచు ఆమె చెవిని రాసుకుంటూ వచ్చి భుజం మీద దిగింది. చేతిలోని టిఫిన్ డబ్బా గడపకు తగిలి, దొర్లుకుంటూ కుట్టుమిషన్ కిందికి పోయింది. ఎందుకు కొట్టావని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. కొట్టడం అయ్యాక దర్జీయే కారణం చెబుతాడు, అతనికి ఆమాత్రం న్యాయం ఉంది. ఈసారి మాత్రం మధ్యలోనే అడిగాడు.

"జాకెట్టేదే?"

మొగుడు కుట్టిన జాకెట్లకు హుక్కులు కుట్టేది ఆమే. గోదాములో డ్యూటీ దిగి వచ్చాక అదే పని. ఎవరో బేరం వచ్చి తొందరపెట్టి ఉంటారనుకుంది.

"ఎవరిదండీ? హుక్కులు వెయ్యాల్సినవన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి."

"ఊళ్ళోవాళ్ళది కాదు. నీది."

ఆమె తన ఒంటి వంక చూసుకుంది. "వేసుకునే ఉన్నాగా."

"ఇది కాదే. వాడి గదిలో విప్పేసి వచ్చావే, అది."

రెండో దెబ్బ మోచేతి ఎముక మీద పడింది. చెయ్యి తిమ్మిరెక్కి వేలాడిపోయింది. ఆమె గోడకు ఆనుకుని, 'వాడు' ఎవడో, గది ఏదో వెతుక్కుంటూ నిలబడింది.

జరిగింది ఇంతే. ఆమె పనిచేసే మంచు గోదాములో సరుకు మోసే కొమ్ముల బండి నడిపేవాడు ఒకడున్నాడు. ముందుకు పొడుచుకొచ్చిన రెండు ఇనప కొమ్ములతో పెట్టెల దొంతరల్ని ఎత్తే బండి అది. అందుకని అందరూ అతణ్ణి కొమ్ముల తమ్ముడంటారు. అతను కాసేపటి క్రితం దర్జీకి ఫోన్ చేశాడు. "బావా, అక్క ఫోను ఎత్తట్లేదు, జాకెట్టు నా గదిలోనే వదిలేసి పోయింది. ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటుందేమో, భద్రంగా ఉందని చెప్పు" అన్నాడు. మంచికే చేశాడు పాపం. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అలాంటి ఫోను అది.

ఆ గది బండి బ్యాటరీలకు ఛార్జింగు ఎక్కించే గది. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆడవాళ్ళంతా మంచుకు తడిసిన జాకెట్లు అక్కడే ఆరేసి, ఇళ్ళకు పోయేముందు ఎవరివి వాళ్ళు తీసి సర్దుకుంటారు. నీలం గుడ్డలో దూది కూరి, పరుపులా బొంత కుట్టు వేసిన జాకెట్లు అవి. గోదాము గేటు దాటి బయటికి రావు. అందుకే ఆమె వేసుకునేది దర్జీ ఏనాడూ చూడలేదు. పెళ్ళాం ఫలానా చోట చేపలూ బఠాణీలూ పెట్టెల్లో సర్దుతుందని తెలుసు గాని, అక్కడెంత చలో అడిగిన పాపాన పోలేదు.

ఇక జాకెట్టన్న ఆ మాట సంగతి. దాని పుట్టుపూర్వోత్తరాలు ఆ ఇంట్లో అందరికీ కంఠోపాఠం. చనిపోయిన మామగారు, ఆయనా దర్జీయే, పనిచేస్తూ పనిచేస్తూ అదే కథ చెప్పేవాడు. "ఇది సిపాయిల గుడ్డ అమ్మాయ్. పూర్వం ఇంగ్లీషోళ్ళూ ఆ పక్క దేశాలోళ్ళూ దూది కూరి కుట్టుకునేవాళ్ళు, కత్తిపోటు ఒంట్లో దిగకుండా. యుద్ధాలు తగ్గాక దూది తీసేసి దొరలు తొడుక్కున్నారు. దొరల్ని చూసి దొరసానులు నడుందాకా కత్తిరించి బిగించారు. వాళ్ళని చూసి మనాళ్ళు రవికని జాకెట్టన్నారు. మా అమ్మైతే ఆ మాటంటేనే చెవులు మూసుకునేది, అదేదో బూతన్నట్టు." చివర్లో నవ్వి, దారం పళ్ళతో కొరికేవాడు. కొడుకు ఆ కథలో చివరి ముక్కే పట్టుకున్నాడు. ఇప్పటి పిల్లలు వచ్చి బ్లౌజంటే, "ఇక్కడ జాకెట్లే కుడతాం" అని గుడ్డ తిప్పి పంపేస్తాడు. అతని లెక్కలో జాకెట్టంటే ఒకటే. ఆడది ఒంటికి ఆనించి వేసుకునేది, పరాయి గదిలో విప్పకూడనిది.

ఇదంతా ఆమె బుర్రలో ఒక్కసారిగా వెలిగింది. వెలగ్గానే నవ్వొచ్చింది. మోచెయ్యి విరిగినట్టు నొప్పిగా ఉన్నా నవ్వు ఆగలేదు. నవ్వు నాలుగు విధాల చేటంటారు. అయిదో విధం ఆ పూటే తెలిసింది.

"అయ్యో రాత, అది చలికి తొడుక్కునే జాకెట్టండీ. ఇంత లావుంటుంది. కంపెనీవాళ్ళిచ్చింది."

"అదైతే కోటంటారు."

"అక్కడందరూ జాకెట్టనే అంటారు."

"జాకెట్టంటే ఏంటో నాకు చెప్తావా? జాకెట్టు పీలికల మీద పడుకుని పెరిగానే నేను. నాకు చెప్తావా?"

ఆమె జుట్టు పట్టుకుని తలను మిషన్ చక్రానికేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. చూపు తేరుకునేసరికి బల్ల మీద మామగారి నాటి పెద్ద కత్తెర లేదు. బయట స్కూటరు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

ఆమె ఫోన్ చేసింది. లోపల పనిలో ఉన్నాడేమో, కొమ్ముల తమ్ముడు ఎత్తలేదు. ఆమె పరుగు తీసింది. స్కూటరు రోడ్డంతా చుట్టి రావాలి, ఆమెకు వెనక సందు తెలుసు. తోడబుట్టకపోయినా అక్కా అని నోరారా పిలిచే మనిషి ఆమెకు ఈ భూమ్మీద అతనొక్కడే. ఒకసారి దవడ వాచి పనికి వెళితే ఏమైందని అడిగాడు. మెట్ల మీంచి పడ్డానంది. "మీ ఇంటికి మెట్లెక్కడివక్కా?" అన్నాడు, అంతే, మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి బరువు పెట్టెలు ఆమె వంతుకు రాకుండా చూశాడు. భగవంతుడా, వాడికేం కాకూడదు అనుకుంటూ ఆమె సందులన్నీ దాటింది. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి.

గేటు దగ్గర కాపలా తాత అడ్డం రాబోయి, ఆమె మొహం చూసి వెనక్కి తగ్గాడు. "ఇప్పుడే వెళ్ళాడమ్మా మీ ఆయన. నీ జాకెట్టు కోసమంటే తమ్ముణ్ణి కేకేసి చెప్పాను" అన్నాడు.

సరుకు ఎక్కించే అరుగు మీద వాళ్ళిద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. కొమ్ముల తమ్ముడు ఆమె జాకెట్టును ముంజేతి మీద వేసుకుని నవ్వుతూ వస్తున్నాడు.

"నువ్వెందుకొచ్చావు బావా, రేపు తనే వస్తుందిగా..."

"తమ్ముడూ, దగ్గరికి రాకు" అని ఆమె అరిచింది. అతను ఆమె వైపు తిరిగాడు. ఆ తిరగడంలోనే కత్తెర దిగింది.

మొదటి పోటు జాకెట్టు మీద పడి దూదిలో ఆగింది. అప్పుడైనా దర్జీ కళ్ళు తెరిస్తే సరిపోయేది. ఎదురుగా ఉన్నది నీలం రంగు బొంత, అందులో ఆడదాని గుట్టు ఏమీ లేదు. చూశాడు కూడా. చూశాక అతని మొహం ఇంకా వికారంగా మారింది. అందరి ముందూ తప్పయిపోయిన మగాడికి ఆగడం చేతకాదు. కత్తెర ఊడబెరికి మెడా భుజమూ కలిసే చోట రెండోసారి పొడిచాడు. ఈసారి అడ్డం ఏమీ లేదు. కొమ్ముల తమ్ముడు "అక్కా" అన్నాడు, చిన్నపిల్లాడు బడిలో ఏదో అడగబోయినట్టు, అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రక్తం అరుగు మీద నుంచి కింద ఆగిన లారీ టైరు మీదికి కారింది.

మూడో పోటుకు ఆమె మధ్యలో ఉంది. కిందపడిన జాకెట్టును రెండు చేతులా పట్టుకుని ఎదురు నిలబడింది. కత్తెర దూదిలోకి పిడి దాకా దిగి, బొంత కుట్లలో చిక్కుకుపోయింది. మామగారు చెప్పింది అబద్ధం కాదు. మొన ఆమె పొట్టను సూదిలా గుచ్చి అక్కడే ఆగింది. దర్జీ లాగాడు, రాలేదు. ఆమె ఇంతకాలం దాచుకున్న బలమంతా చేర్చి జాకెట్టు అడ్డం పెట్టి అతణ్ణి తోసింది. అతని వెనక, సరుకు దాచే మంచుగది తలుపు తెరిచి ఉంది. గడ్డకట్టిన గచ్చు మీద అతని రబ్బరు చెప్పులు జారాయి. కత్తెర వదిలేసి వెల్లకిలా లోపల పడ్డాడు. ఆమె తలుపును లాగి గడియ వేసింది.

లోపల, తలుపు పక్కన, నొక్కితే తెరుచుకునే పిడి ఒకటుంటుంది. పనిలో చేరిన రోజునే అందరికీ చూపిస్తారు. దర్జీకి ఎవరు చూపిస్తారు?

జనం పోగయ్యారు. కొమ్ముల తమ్ముణ్ణి లారీలోనే వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. తాత పోలీసులకు ఫోన్ చేశాడు. ఆమె గడియ మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది. లోపలి నుంచి మొదట బూతులు వచ్చాయి. ఆమె పుట్టుకను, ఆమె తల్లిని తిట్టాడు. తర్వాత తలుపు మీద గుద్దులు వినిపించాయి. తర్వాత గుద్దుల మధ్య ఎడం పెరిగింది.

"వాణ్ణి బయటికి తియ్యి తల్లీ, బిగుసుకుపోతాడు" అన్నాడు తాత.

"మేం పొద్దస్తమానం అందులోనే ఉంటాం తాతా."

తాత జేబులో ఫోన్ మోగింది. విన్నాడు. ఆమె మొహం వంక చూడకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"దారిలోనే పోయాడమ్మా."

ఆమె గొంతులోంచి వచ్చిన కేకకు పక్క గదుల్లోని వాళ్ళు కూడా బయటికొచ్చారు. కొమ్ముల బండి అరుగు చివర, ఎక్కడ ఆపాడో అక్కడే, పెట్టెలు ఎత్తిపట్టుకునే ఉంది.

తలుపు అవతల నుంచి గొంతు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు తిట్లు లేవు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఒసేయ్... చలే... చచ్చిపోయేలా ఉన్నానే. ఆ జాకెట్టు... ఆ జాకెట్టిలా పడెయ్యవే."

ఆ మాట మొదటిసారి సరిగ్గా అన్నాడు. ఆమె చేతిలోని జాకెట్టు వంక చూసింది. కత్తెర ఇంకా దూదిలోనే వేలాడుతోంది. చేతి మీద తమ్ముడి రక్తం మంచుగాలికి నల్లబడుతోంది.

"జాకెట్టా? జాకెట్టంటే ఆడవాళ్ళు వేసుకునేది కదండీ" అంది ఆమె. "మీకెందుకు?"

పోలీసు జీపు గేట్లోకి వచ్చేదాకా ఆమె గడియ మీది చెయ్యి తియ్యలేదు.