ఇరుకైన గుమ్మం

ఆ ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా గుమ్మం కాస్త ఇరుకయ్యేది. కోడలు కూరగాయల సంచితో పక్కకి తిరిగి దూరేది. పోస్ట్‌మన్ బయటి నుంచే చెయ్యి చాపేవాడు. కొన్ని ఇళ్ళలో గోడలు చెమ్మ పట్టవూ, ఇదీ అంతే అనుకున్నారు.

అమ్మ పెత్తనం నడిచినన్నాళ్ళూ ఇంట్లోకి ఒకటి వస్తే, ఇంకొకటి ఎవరి చేతిలోనో పెట్టేసేది. రోజూ ప్రార్థనలో "ఇవాళ్టికి సరిపడా చాలు స్వామీ" అనేది. కొడుకు ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్. అక్కర్లేనివాళ్ళ చేత కూడా కొనిపించే ఆ నోటికి ముందు బోల్తాపడింది తనే. మొన్నటి సోఫాని తాళ్ళు కట్టి బాల్కనీలోంచి ఎక్కించాడు.

ఆ మధ్యాహ్నం అమ్మకి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్స్ వాళ్ళ స్ట్రెచర్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"లేపి కూర్చోబెడితే ప్రమాదం. పడుకోబెట్టే తీసుకెళ్ళాలి," అన్నాడు డ్రైవరు.

"బాల్కనీలోంచి దించితే?" అన్నాడు కొడుకు.

"ఆవిడేమన్నా సోఫానా?" ఎదురింటి టీచరుగారు కసురుకుంది.

వస్తువులొస్తే ఇరుకైన గుమ్మం అవి పోతే వెడల్పవుతుందని, కొడుకూ కోడలూ చేతికందినవన్నీ టీచరుగారి ఇంట్లోకి చేరవేశారు. మిక్సీలు, గడియారాలు, విప్పని అట్టపెట్టెలు. గుమ్మం కదల్లేదు.

"రేపు మళ్ళీ తెచ్చుకోవచ్చులే," అని అతను పెళ్ళాం చెవిలో గొణగడం అమ్మకి వినబడింది.

"అది ఇవ్వడం కాదురా," అంది రొప్పుతూ. "దాచుకోవడం."

అమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. అతను ఎదురింటి వైపు తిరిగాడు.

"టీచరుగారూ, అవన్నీ మీవే. తిరిగి అడగను."

గుమ్మం కిర్రుమంటూ కాస్త జరిగింది. ఇంకా చాల్లేదు. అతను ప్లాస్టిక్ కవరైనా తీయని సోఫా వైపు చూశాడు. ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది.

"అన్నా, ఆ సోఫా నువ్వు తీసుకో," అన్నాడు డ్రైవరుతో. "నిజంగానే. నాకొద్దు."

స్ట్రెచర్ ఎక్కడా తగలకుండా లోపలికొచ్చి, అమ్మతో బయటికి వెళ్ళింది.

అమ్మ బతికింది. ఆమె ఇంటికొచ్చాక, షాపులో భార్యాభర్తలిద్దరు పెద్ద మంచం బేరమాడుతున్నారు. అతను నోరు విప్పాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారా? గుమ్మం ఎంత వెడల్పండీ?"

వాళ్ళు మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయారు. యజమాని ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశాడు. అతను ఖాళీ చేతులతో ఇంటికెళ్ళి, పక్కకి తిరగకుండానే లోపలికి నడిచాడు.