పరగడుపు మాత్ర

సోములు కొట్లో మందులు కల్తీవని నాకు మొదటి వారంలోనే అనిపించింది.

మా బావ త్యాగరాజు శృంగవరపుకోటలో వేణుగోపాలస్వామికి తెల్లవారుజామున మేలుకొలుపు పాడతాడు. బావ అంటే నా మొగుడే, మాది మేనరికం. నలభై ఏళ్ళుగా పాడుతున్న గొంతు ఈ చలికాలం బొంగురుపోయింది. పై షడ్జం దగ్గరకి వచ్చేసరికి తెగిపోతోంది. విజయనగరం తీసుకెళ్తే, కడుపులో ఆమ్లం పైకి తన్ని గొంతు వాచిందన్నాడు డాక్టరు. రోజూ పరగడుపున పాంటాప్రజోల్ మాత్ర వేసుకుని అరగంట ఆగి తినమన్నాడు. "పొద్దున్నే ఏం తింటారు?" అని బావని అడిగితే జవాబు నేనే చెప్పాను, ఎనిమిదింటి దాకా కాఫీ చుక్క కూడా ముట్టడని.

ఫాల్గుణంలో స్వామి కల్యాణం. అప్పటికి గొంతు రాకపోతే మా మరిది కొడుకు ప్రద్యుమ్న చేత పాడిస్తామని గుడి పెద్దలు అన్నారు. బావ సరేనన్నాడు గానీ, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

రెండు వారాలు మాత్రలు మింగినా గుండెల్లో మంట తగ్గలేదు. సోములు మందుల కొట్టుకి వెళ్ళి, "ఇది మందేనా, సుద్దముక్కా?" అని నలుగురి ముందూ అడిగేశాను.

"అమ్మా, ఊరంతా ఇదే ఏసుకుంతన్నారు. అట్ట మీద రాసుంది, సూడండి" అన్నాడు.

చూశాను. ఆ చిన్న అక్షరాలు అచ్చేసినవాడి మీద కూడా నాకు అనుమానమే.

శ్రీకాకుళంలో ఉన్న మా అమ్మాయి శ్రీలలిత చేత అదే మందు వేరే కంపెనీది తెప్పించాను. ధర మూడింతలు, మంట మాత్రం అంతే. తరవాత ఫామోటిడిన్ అనే ఇంకో రకం మాత్ర మొదలుపెట్టించాను. నాలుగు రోజులు హాయిగా ఉందన్నాడు, ఐదో రోజు మళ్ళీ పుల్లటి తేన్పులు. తెల్ల జెల్లు తాగితే గంటసేపు చల్లగా ఉండేది, ఆ తరవాత మామూలే. దేనికెంత తగ్గిందో క్యాలెండరు మీద గుర్తులు పెట్టాను. మళ్ళీ మొదటి మాత్రకే వచ్చాం. ఇక అనుమానించడానికి బావ ఒక్కడే మిగిలాడు. మాత్ర నాలుక కింద దాచి పెరట్లో ఉమ్మేస్తున్నాడేమో అనుకున్నాను.

కల్యాణం పది రోజులుందనగా తెల్లవారుజామున బావ వెనకాలే గుడికి వెళ్ళాను. మేలుకొలుపు రెండు చోట్ల తెగింది. నైవేద్యం అయ్యాక పూజారి ఆకులో పులిహోర పెట్టి ముందు బావకే ఇచ్చాడు. చింతపండు, ఎండుమిరపకాయలు, వేరుశనగపప్పులు. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తూర్పుకి తిరిగి మాత్ర మింగాడు.

"పరగడుపున కదా వేసుకోమన్నారు?" అన్నాను.

"పరగడుపే కదా."

"మరి పులిహోర తిన్నావే."

"అది ప్రసాదం కదే జగదా. తిండేటి?"

గట్టిగా అరవబోయి, గుమ్మంలో పెట్టిన ఖాళీ క్యారియరు చూసి ఆగాను. ఆ పులిహోర నేను కలిపిందే. నాలుగింటికి లేచి, వండి, క్యారియర్లో పెట్టి బావ చేతికిచ్చి పంపేది నేనే. పాడినవాడికి మొదటి ఆకు వస్తుందని నాకు తెలీదా? దాన్ని తిండి కింద నేను మాత్రం ఎప్పుడు లెక్కేశాను?

డాక్టరుకి ఫోను చేశాను. లేవగానే మాత్ర వేసుకోవాలి, ప్రసాదం ఇంటికి తెచ్చుకుని తరవాత తినాలి, పులుపు తగ్గించాలి అన్నాడు. గొంతు ఎప్పటికి వస్తుందని అడిగాను.

"రెండు మూడు నెలలు పట్టొచ్చమ్మా. మొదట్నుంచీ సరిగ్గా వాడుంటే ఈపాటికి కొంత తేరుకునేవారు."

కల్యాణం రోజు ప్రద్యుమ్న పాడాడు. బాగా పాడాడు, నా ఏడుపంతా అదే. సోములు మమ్మల్ని చూసి దణ్ణం పెడితే నాకు తలెత్త బుద్ధి కాలేదు. బావ ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తున్నాడు. పాట మధ్యలో నా వైపు వంగాడు.

"నన్నొక్కమాటు అడిగుంటే సెప్పేద్దును కదే, గుళ్ళో తింటన్నానని." కోపంగా అనలేదు. ఆ కాస్త మాటకే గొంతు రెండుసార్లు జీరపోయింది.

ఊళ్ళో అందర్నీ అడిగాను. బావని మాత్రం అడగలేదు.